మీగడ కింద రెండు కొలతల రమ్ము

నాకు మనవరాలు పుట్టిందండోయ్! నిన్న పొద్దున, హూజుం ఊళ్లో, నా కూతురు కైకె కడుపున. పేరు తోమ్కె. సంతోషం పట్టలేకున్నా బుద్ధి నిలకడగానే ఉంది. జర్మనీ ఉత్తర తీరం నోర్డ్‌స్ట్రాండ్ కాపురస్థుడు హారో బ్రోడర్సెన్ అనే నేను, వయసు డెబ్బై తొమ్మిది, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది.

1. ఇల్లు, గొర్రెలు, కరకట్ట పక్క మేతనేల సర్వహక్కులతో కైకెకే. పద్దెనిమిదేళ్లుగా ఈ గడప తొక్కని కూతురికా అనేవాళ్లు మూడోది చదవండి.

2. పరిసయ్యుడు అని మనం పిలుచుకునే కాఫీ చేసే విద్య తోమ్కెకు. చిక్కటి కాఫీ, రెండు చెంచాల పంచదార, వెచ్చబెట్టిన రమ్ము ఒకే ఒక్క కొలత, పైన గిలక్కొట్టిన మీగడ మందంగా. పాస్టరుకు వాసన తగలకుండా పెద్దలు పెట్టిన మూత అది; పట్టుబడ్డాక, వేషధారులని ఆయన తిట్టిన తిట్టే దీని పేరు. కలపకూడదు, మీగడలోంచే తాగాలి. కలిపినవాడు అందరికీ మళ్లీ పోయించాలి. మూడుసార్లు కలిపి ఒక్కసారీ పోయించని పక్కింటి నొమ్మెన్‌కు నా చెంచాలన్నీ ఇస్తున్నాను.

3. పద్దెనిమిదేళ్ల కిందట నా కొడుకు బోయె, ఆటుకి నీరు తీసిన సముద్రపు బురద మీదుగా అవతలి దీవికి నడిచి వెళ్లిన రోజు వంటింట్లో ముగ్గురమే ఉన్నాం. కైకె ఆటుపోట్ల పట్టిక చూసి, "రెండున్నరకి పోటొస్తుంది, లేవరా, బయల్దేరు" అంది. సరిగ్గానే చదివింది. వాడేమో, "చలేస్తోంది నాన్నా, ఇంకాస్త రమ్ము పొయ్యి" అన్నాడు. నేను రెండు కొలతలు పోసి, కైకెకు తెలియకుండా మీగడ కప్పేశాను. రెండో కప్పూ అంతే. వాడు ఆలస్యంగా, తూలుతూ వెళ్లాడు. సముద్రం వాణ్ణి తిరిగి ఇవ్వలేదు. అందరూ అడిగితే, కైకె టైము తప్పు చెప్పిందన్నాను.

అప్పటినుంచి పొగమంచు పట్టిన ప్రతి ఆటుకీ కిటికీ కింద తడి బూట్ల చప్పుడు. గడప దాకా వచ్చి ఆగుతుంది. కప్పు పెడతాను. మీగడ చెదరకుండానే చల్లారిపోతుంది.

నిన్న ఫోనులో కైకె, "ఆడపిల్ల నాన్నా! అరుపుకి గోడలు అదిరిపోతున్నాయి. బాప్తిస్మానికి కాఫీ నువ్వే చెయ్యాలి" అంది. తర్వాత మెల్లగా, "బోయె సంగతిలో నా మీద కోపం పోయిందా?" అంది. నా బంగారు తల్లీ, నువ్వా అడిగేది!

4. అందుకే నేను పోయేదాకా ఆగొద్దు. దీన్ని అమలు జరపవలసిన పాస్టర్ మత్థీసెన్ గారు ఈ ఆదివారమే, బాప్తిస్మం విందులో, కాఫీ పోయకముందే, నా ఎదుటే పైకి చదవాలి.

2004 మార్చి 9.
(సం.) హారో బ్రోడర్సెన్
సాక్షులు: ఊవె లోరెంట్సెన్, ఆంట్యె హాన్సెన్

తోమ్కె పుట్టిందనీ, కైకె తప్పేమీ లేదనీ, రెండూ కలిపే చెప్పవలసినవాళ్లు: తమ్ముడు తేడె, మరదలు మారెన్, బోయెను పెళ్లి చేసుకోవలసిన ఫ్రౌకె (ఆమె కూడా మనకు బంధువే), కైకె ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయే నా అక్క గెషె. అక్కకు చెవుడు. గట్టిగా చెప్పండి, రోడ్డు మీదే చెప్పండి.