పూత మీద కాగు పగలగొట్టాం

అమ్మకు,

కరుణ వందనాలు. ఇక్కడ అక్కా నేనూ వేళకి తింటున్నాం. అక్కకి ఏడో నెల నడుస్తోంది. అమలాపురంలో డాక్టరమ్మగారు బిడ్డ గుండె చప్పుడు మా ఇద్దరికీ వినిపించారు. నువ్వూ క్షేమమని తలుస్తాను. మెర్సీ పిన్ని సెలవు అయిపోయి గురువారం కువైట్ బయల్దేరుతోంది. శుక్రవారం చర్చిలో ఈ ఉత్తరం నీ చేతికి ఇస్తానంది. ఫోనులో ఎందుకు చెప్పలేదంటావు. నువ్వు మాట్లాడేది నువ్వు పనిచేసే ఇంటివాళ్ల వంటగదిలోంచి. అక్కడ నువ్వు ఏడిస్తే నేను ఇక్కడ చెప్పేది సగంలో ఆపేస్తాను.

పిన్ని తెచ్చిన నీ ఉత్తరంలో మల్లెమొక్క గురించి అడిగావు. ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. మొగ్గలు విచ్చకుండానే రాలిపోయేవి. నీళ్లు పోస్తే లోపలికి దిగకుండా అంచు మీంచి పొర్లిపోయేవి. అడుగు చిల్లులోంచి వేళ్లు పాత తాళ్లలా బయటికి వచ్చేశాయి. పూత అయ్యేదాకా కదపవద్దని రాశావు. పక్కింటి గంగాభవాని గారూ అదే అన్నారు. "పూత మీదున్నదాన్ని కదపకే తల్లీ, పాపం తగులుద్ది. వర్షాలు పడనీ." సిస్టర్ల బడిలో నేను చూసుకునే లైబ్రరీలో ఉన్న తోటపని పుస్తకం కూడా ముందు అదే చెప్పింది. కానీ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: వేళ్లు బిగిసి మొక్క చచ్చిపోతుంటే పూత కోసం ఆగవద్దు, మొగ్గలు తుంచేసి మార్చండి అని. నేను అడుగున ఉన్న మాట నమ్మాను.

అమ్మా, మొక్కని నీళ్లు పట్టే ఆ మట్టి కాగులో ఎందుకు పెట్టావు? అమ్మమ్మది కాబట్టి పారెయ్యలేకపోయావని తెలుసు. మెడ సన్నం, పొట్ట పెద్దది. పొట్ట నిండా వేళ్లు పెరిగాక అది మెడలోంచి ఎలా బయటికి వస్తుంది?

కిందటి శనివారం సాయంత్రం, ఎండ తగ్గాక మొదలుపెట్టాం. ముందు మొగ్గలు తుంచాలి. అక్క రెండు తుంచి చేతులు వెనక్కి తీసుకుంది. మిగతావి నేను తుంచాను, రెండు గిన్నెల నిండా. తర్వాత పచ్చడి బండతో కాగు పొట్ట మీద కొట్టాను. మూడో దెబ్బకి పగిలింది. పెంకులు ఊడిపోయినా లోపలిది కాగు ఆకారంలోనే నిలబడి ఉంది. మట్టి దాదాపు లేదు. వేళ్లే, ఒకదాని పీక ఒకటి నులుముతున్నట్టు. కత్తితో నాలుగు వైపులా నిలువుగా, పైపైన కోశాను. వెడల్పాటి సిమెంటు కుండీలో దించి మట్టి నింపుతుంటే బావగారు వచ్చారు.

"ఏవండీ పుస్తకాల పంతులమ్మగారూ, నా పెళ్లాం చేత మట్టి పిసికిస్తున్నారా?" అన్నారు. తాగి ఉన్నారు. "లే హన్నా, బండెక్కు. ఎన్నాళ్లు హోటలు కూడు తినమంటావు?"

"పురిటికి పుట్టింటికొచ్చాను కదండీ," అంది అక్క. "డాక్టరుగారు ప్రయాణం వద్దన్నారండీ."

"డాక్టరా నీ మొగుడు?"

కుండీని కాలితో తన్నారు. అది పక్కకి ఒరిగి, మొక్క మొదలు దగ్గర విరిగింది. అక్క జడ పట్టుకుని లాగి చెంప మీద కొట్టారు. నీ ఉత్తరంలో రెండో ప్రశ్న ఆ చెంప గురించే. ఈ శనివారానికి ముందే వీడియోలో కనబడ్డ పాత మచ్చ ఏమిటని అడిగావు. తలుపు తగిలిందని అక్క నీతో చెప్పింది. తలుపు కాదమ్మా. పెళ్లయిన మూడో నెల నుంచీ తలుపు కాదు. నాకు క్రిస్మస్‌కి తెలిసింది. ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించుకుంది. నేను పుస్తకం తెరుచుకుని ఊరుకున్నాను.

అక్క నేల మీద పడింది. బావగారు కాలు ఎత్తారు, కడుపు వైపు. పచ్చడి బండ నా చేతికి దగ్గరగా ఉంది. భుజం మీద కొట్టాను. ఆయన పెంకుల మీద పడ్డారు. మోచెయ్యి తెగి రక్తం కారింది. కాసేపటికి లేచి, బండి తోసుకుంటూ వెళ్లిపోయారు. మర్నాడే అక్కని డాక్టరమ్మగారికి చూపించాను. గుండె చప్పుడు వినిపించింది అందుకే. మొక్కని నీడలో పెట్టాను, ఎరువు వెయ్యలేదు. బతుకుతుందో లేదో చెప్పలేను.

బావగారు పలివెల మలుపులో బండి మీంచి పడ్డానని అందరికీ చెప్పుకున్నారు. మరదలి చేతిలో దెబ్బ తిన్నానని ఎలా చెబుతారు? నువ్వు మొన్న ఫోనులో, అల్లుడి చెయ్యి బాగుపడాలని అక్కడ ఉపవాసం ఉన్నానన్నావు. నేను ఆమెన్ అన్నాను.

నిన్న సంఘ పెద్ద కృపారావు గారు ఇంటికి వచ్చారు. "చూడమ్మా హన్నా, కుడి చేతికి కట్టు కట్టేసేరు. అన్నం కలుపుకోలేకపోతన్నాడు పాపం. ఈ టైములో భార్య పక్కనుండొద్దా? ఆదివారం ఆరాధన అయ్యేక కారు తెస్తాం, కుదుపుల్లేకుండా తీసుకెళ్తాం."

"ఆయ్," అంది అక్క.

ఆయన వెళ్లాక నిజం చెప్పేస్తానన్నాను. అక్క నా నోరు మూసింది. "నీకు మతి పోయిందేంటే? కేసు పెడతారు. సిస్టర్లు నిన్ను లైబ్రరీలో ఉంచుతారా? నేను పోతాన్లే. ఇప్పుడు ఒంటిచేత్తో ఏం కొడతాడు?" అని నవ్వింది. తర్వాత పెట్టె సర్దడం మొదలుపెట్టింది. నేను విరగ్గొట్టిన చెయ్యి కోసం, నన్ను కాపాడటం కోసం, తను వెనక్కి వెళ్తోంది.

విరగ్గొట్టిన అని రాశాను. భుజం మీద కొడితే మణికట్టు ఎలా విరిగిందని నువ్వు అడుగుతావు. పెంకుల మీద పడ్డాక ఆయన లేవడానికి కుడి చెయ్యి నేలకి ఆనించారు. నా వైపు చూసి, "వద్దు కరుణా," అన్నారు. అప్పటికి అక్క దూరంగా జరిగిపోయింది. ఆయన ఇక ఎవరినీ ఏమీ చెయ్యలేరు. అది నాకు స్పష్టంగా తెలుసు. తెలిసే ఆ మణికట్టు మీద బండతో కొట్టాను. ఎముక చప్పుడు కాగు చప్పుడంత పెద్దగా లేదు. నాకు బాగుందమ్మా. ఆ క్షణం చాలా బాగుంది. అది ఎవరికీ చెప్పలేదు, అక్కకి కూడా.

ఆదివారం కారు వచ్చేలోగా పెద్దల ముందు అంతా చెబుతాను. కేసు పెడితే పెట్టనీ. ఇల్లు నీ పేరు మీద ఉంది. నువ్వు శనివారమే కృపారావు గారికి ఫోను చేసి, హన్నా నా ఇంట్లోనే ఉంటుందని ఒక్క మాట చెప్పు. నా గురించి ఏమీ చెప్పవద్దు. నా తరఫున క్షమాపణ అడగవద్దు. మొదటి దెబ్బకి నేను ఎవరినీ క్షమాపణ అడగను. రెండో దెబ్బకి నేనే అడుగుతాను, ఆయన్నే, అందరి ముందూ నిలబడి.

ఇట్లు,
నీ చిన్న కూతురు
కరుణ