తొమ్మిదో నంబరు బస్సులో రోజూ దొరికే వస్తువు

దొరికిన వస్తువుల గది గుమస్తా గారికి, ప్రధాన కార్యాలయం తనిఖీ అధికారి రాయునది.

మీ డిపో రిజిస్టరు చూశాను. బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువులు మీ గదికి చేరడం, సొంతదారులు సంతకం పెట్టి తీసుకుపోవడం మామూలే. కాని ఒకే వస్తువు అరవై నాలుగు రోజులుగా, ప్రతి ఉదయం అయిదున్నరకు, తొమ్మిదో నంబరు బస్సులోనే దొరుకుతున్నది. మధ్యాహ్నం రెండున్నరకు అదే బస్సు కండక్టరమ్మ వచ్చి తనదేనని తీసుకుపోతున్నది. వస్తువు పేరు దగ్గర మీరు 'ఒకటి' అని రాశారు. రంగు 'చామనఛాయ'. స్థితి 'కొంచెం జలుబు'. ఇదేమి వస్తువో వెంటనే తెలుపగలరు.

ఇట్లు,
తనిఖీ అధికారి

తా.క. జలుబు అనగా వానలో తడిసినదని మీ భావమా?

*

అధికారి గారికి గుమస్తా నమస్కారాలు.

నా ముప్పై ఏళ్ల సర్వీసులో పెద్దాఫీసు నుంచి నాకొచ్చిన మొదటి ఉత్తరం ఇదేనండి. చదివి రెండు గ్లాసుల మంచినీళ్లు తాగాను. అయ్యా, ఆ వస్తువు చాలా విలువైనది. కండక్టరమ్మకు మతిమరుపేమీ లేదు, ఇంట్లో పెట్టి రావడానికి దారి లేదంతే. దాన్ని అలమరలో పెట్టను, నా బల్ల పక్కనే ఉంచుకుంటాను. పదింటికి కాసిని పాలిస్తే గొడవ చేయదు. దీన్ని ఇంతటితో వదిలేయమని నా మనవి.

మీ దయ కోరే,
గుమస్తా

తా.క. రిజిస్టరులో నలభయ్యో పేజీ చిరిగిందని తమరు చూసే ఉంటారు. అది ఈ వస్తువు చేసిన పనే. గట్టిగా మందలించాను. ఇంకెప్పుడూ చేయనంది.

*

గుమస్తా గారికి,

పాలు తాగుతుందన్నారు గనుక పిల్లి అనుకున్నాను. మాట్లాడుతుందన్నారు గనుక చిలుక అయి ఉండాలి. చామనఛాయ చిలుకను నేనెక్కడా చూడలేదు. అయినా నిబంధన నిబంధనే. బస్సులో దొరికిన ప్రాణిని అదే సాయంత్రం వేలం వేయాలి. గోడకు నోటీసు అంటించి నాకు తెలుపగలరు.

ఇట్లు,
తనిఖీ అధికారి

తా.క. పంజరం కొనుటకు అనుమతి లేదు.

*

అయ్యా,

ఇక దాచి లాభం లేదు. అది చిలుక కాదండి, ఆడపిల్ల. మూడేళ్లది. నేను పిచ్చుక అని పిలుస్తాను.

తండ్రి లారీ డ్రైవరు, నెలకోసారి ఇంటికొస్తాడు. నాయనమ్మ ఉన్నన్నాళ్లూ ఆవిడే చూసుకునేది. ఆవిడ పోయాక ఈ తల్లి తిరగని గడప లేదు. డబ్బు తీసుకుని పిల్లల్ని చూసే ఇల్లొకటుంది గాని తొమ్మిదింటికి గాని తెరవరు. మన మొదటి బస్సు ఆరింటికి బయల్దేరుతుంది. పైగా వాళ్లడిగేది ఈవిడ జీతంలో సగం.

ఒకరోజు గతిలేక, నిద్రపోతున్న పిల్లని ఇంట్లో పెట్టి తాళం వేసి డ్యూటీకొచ్చింది. ఈవిడ బస్సు పోయేది ఆ వీధిలోంచే. పిల్ల లేచి కిటికీ ఊచలు పట్టుకుని, వచ్చిన ప్రతి బస్సునూ 'అమ్మా' అని పిలిచింది. ఈవిడ మూడు ట్రిప్పులు ఆ కిటికీ ముందు నుంచే పోయింది, టిక్కెట్లు కొట్టుకుంటూ. మర్నాడు పిల్లని తీసుకొచ్చి నా బల్ల మీద కూర్చోబెట్టి, 'బాబాయ్, ఏమన్నా చెయ్యి' అంది. నా దగ్గరున్నది దొరికిన వస్తువుల రిజిస్టరు ఒక్కటే. అందులోనే రాశాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు, అందుకని అడుగుతున్నాను. ఎవరెవరో మరిచిపోయిన నలభై గొడుగులకి సంస్థ గదిచ్చింది, తాళమిచ్చింది, ఫ్యానిచ్చింది, జీతమిచ్చి నన్ను కాపలా పెట్టింది. ఈ డిపోలో పదకొండు మంది ఆడవాళ్లు కండక్టర్లుగా చేరారు. పని నేర్పించాం, యూనిఫాం కుట్టించాం. ఒళ్లో పిల్లలు పడగానే ఏడుగురు మానేశారు. నా పక్క గది ఖాళీగానే ఉంది. సంస్థ ఒక ఆయమ్మని పెడితే చాలండి, తక్కిన నలుగురైనా నిలుస్తారు.

కడుపులోది కక్కేసిన,
గుమస్తా

తా.క. వేలం నోటీసు అంటించాను. పిచ్చుక దాని మీద బొమ్మ గీసింది. అది చిలకేనట.

*

గుమస్తా గారికి,

మీ ఉత్తరం అందిన రోజే పిల్లల్ని ఆ గదిలో ఉంచరాదని ఉత్తర్వు పంపాను. నిజం చెబుతున్నాను, భయపడ్డాను. పిల్లకేమైనా అయితే నా మెడకు చుట్టుకుంటుందనుకున్నాను.

మొన్న నవ్వించాలని మీ ఉత్తరాలు భోజనాల దగ్గర మా ఆవిడకు చదివి వినిపించాను. చిలుక దాకా నవ్వింది. కిటికీ దగ్గరకొచ్చేసరికి తినడం ఆపేసింది. మీకు తెలియదు, మా ఆవిడ కూడా మన సంస్థలోనే కండక్టరు, ఆడవాళ్లలో తొలి బ్యాచి. అబ్బాయి పుట్టాక చూసేవాళ్లు లేక మానేసింది. తనకే ఇష్టం లేక మానేసిందని పాతికేళ్లుగా అందరికీ నేనే చెబుతున్నాను. 'నాకిష్టం లేదని మీకెవరు చెప్పారు?' అని అడిగింది. సిగ్గుపడ్డాను.

మర్నాడే పైవాళ్ల చుట్టూ తిరిగి పక్క గదికీ ఆయాకూ మంజూరు తెచ్చాను. మూడు నెలల పాటు మాత్రమే ఇచ్చారు. కాగితం దీనితో జతపరిచాను. కండక్టరమ్మకు చెప్పండి.

మీ
తనిఖీ అధికారి

తా.క. మీ రిజిస్టరులో పిల్లలకు వేరే పేజీ తెరవండి. అందులో 'స్థితి' గడి అక్కర్లేదు.

*

అయ్యగారికి,

మీ కాగితం మంగళవారం అందింది. కండక్టరమ్మ సోమవారమే టిక్కెట్ల సంచి అప్పగించేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది మన పని.

గదిలో ఉంచరాదని మీ ఉత్తర్వు వచ్చాక పది రోజులు పిల్లని బస్సులోనే తిప్పింది. ఆదివారం డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే పిచ్చుక నుదురు సీటు కడ్డీకి కొట్టుకుంది. మూడు కుట్లు పడ్డాయి. పిల్లని బస్సులో తిప్పినందుకు మెమో ఇంకా రానేలేదు, తనే రాజీనామా ఇచ్చేసింది. మీ కాగితం ఇంటికి తీసుకెళ్లి చూపించాను. చదివి, మడతపెట్టి, నా చేతికే ఇచ్చింది. 'మూడు నెలలయ్యాక మళ్లీ ఎవరి కాళ్లు పట్టుకోను బాబాయ్?' అంది. తిట్టినా బాగుండేది, ఏడుపొచ్చింది నాకు.

మీతో చెప్పారో లేదో, నిన్న మీ ఆవిడ గారు ఇక్కడికొచ్చారు. నన్ను వెంటబెట్టుకుని కండక్టరమ్మ ఇంటికెళ్లి, 'రాజీనామా వెనక్కి తీసుకో తల్లీ, రోజూ వచ్చి నీ పిల్లని నేను చూస్తాను' అన్నారు. కండక్టరమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. 'మీరు మంచివారమ్మా. మీకు ఒంట్లో బాగుండని రోజు నేనేం చెయ్యాలి?' అంది.

మిగిలిన ముగ్గురిలో ఒకావిడకి ఇప్పుడు అయిదో నెల. ఆవిడ మానేయక ముందే ఆ మూడు నెలల్ని శాశ్వతం చేయించండి, మీకు పుణ్యముంటుంది.

ఇంకేం రాయాలో తెలియని,
గుమస్తా

తా.క. మీతో చెప్పొద్దన్నారు గాని చెప్పకుండా ఉండలేకపోతున్నాను. తిరిగి వెళ్తూ మీ ఆవిడ గారు నా గది ముందు ఆగి, 'అన్నయ్యగారూ, కండక్టర్లుగా ఎంత వయసు దాకా తీసుకుంటున్నారిప్పుడు?' అని అడిగారు. ముప్పై అయిదు దాకా అన్నాను. 'తెలుసండీ, ఊరికే అడిగాను' అన్నారు.