సుబ్బరావమ్మ కళ్లు

ఫిబ్రవరి 17, సోమవారం

మిర్చి యార్డుకి లీవు పెట్టి పొద్దుటి నుంచీ మనుషుల్ని చూశాను. మా ఆవిడ సుబ్బరావమ్మ దగ్గర పగలంతా ఉండే మనిషి కావాలి. దీపావళికి ముందు స్ట్రోక్ వచ్చింది. కుడిపక్క పోయింది, మాట పోయింది. కుడికన్ను సగమే మూతపడుతుంది, ఎప్పుడూ నీరు కారుతూ ఉంటుంది. అమ్మాయి శ్రీదివ్య ఒంగోలులో టీచరు. ఇన్నాళ్లూ సెలవు పెట్టి తనే చూసింది, ఇక సెలవుల్లేవు. సీజన్లో నేను యార్డు మానేస్తే కొట్టు ఓనరు ఇంకో గుమస్తాని పెట్టుకుంటాడు.

నలుగురొచ్చారు. మొదటామె కూర్చోకముందే ఏసీ ఉందా అంది. రెండో ఆమె తను చూసిన పేషెంట్ల గురించి తెగ చెప్పింది. అందరూ పోయినవాళ్లే. మూడో అమ్మాయి ఫోన్లోంచి తలెత్తలేదు. నాలుగో ఆమె జానీబీ. జీతం మాటే ఎత్తలేదు, ముందు అమ్మగారిని చూపించండి అంది.

జీతం అడగని మనిషిని ఎట్లా నమ్మేది? బస్తాలో పైన నిగనిగలాడే కాయ పోసి, అడుగున తాలుకాయ కూరేవాళ్లని నలభై ఏళ్లుగా చూస్తున్నాను. అడుగుదాకా చెయ్యి పెట్టి చూడందే ఏ రైతు సరుకూ నేను వేలంపాటకి పెట్టనివ్వను. మనుషుల్ని అట్లా చూసే వీల్లేదు, అదే తంటా.

శ్రీదివ్యకి ఫోన్ చేశాను. నీకు దేవుడొచ్చినా నచ్చడు నాన్నా, ఆవిణ్ణే పెట్టు అంది. పెట్టాను.

ఫిబ్రవరి 19

బీరువా తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

సాయంత్రం నేను రాగానే జానీబీ వెళ్లిపోతుంది. యార్డు నుంచి వచ్చిన చేతులతో సుబ్బరావమ్మని ముట్టుకోను. కొబ్బరినూనె రుద్ది, సబ్బుతో కడిగి, మజ్జిగ రాసి, మళ్లీ సబ్బు. మిరపకాయతో బతికేవాడికి ఇది ఒకరు చెప్పాలా? తర్వాత మంచం పక్కన కూర్చుని, భుజం మీది కండువాతో ఆమె మూతీ కళ్లూ తుడుస్తాను. మొన్నటిదాకా అమ్మాయి చేసేది, ఇప్పుడు నా వంతు. రోజు మొత్తంలో నాకు ఇష్టమైన పని ఇదే.

ఇవాళ పొద్దున కళ్లు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి. అమ్మాయి ఉన్నన్నాళ్లూ ఇట్లా లేవు.

ఫిబ్రవరి 25

తగ్గలేదు. కంటి డాక్టరు చుక్కలు రాసిచ్చి, ఇంట్లో ఏదో పడుతోంది, కనిపెట్టి చూడండి అన్నాడు. ఏదో కాదు, ఎవరో.

జానీబీని అడిగాను. నేను వెళ్లేటప్పటికి బానే ఉంటున్నాయండీ, పొద్దున వచ్చేసరికే ఇట్లా ఉంటున్నాయి అంది. ఎంత తెలివి. అంటే రాత్రి నేనేదో చేస్తున్నాననా? ఇంట్లో కారం ముట్టొద్దని మొదటిరోజే చెప్పాను. చేతులు చాపమన్నాను. చాపింది. వాసన చూశాను. సబ్బు వాసన. మరీ ఎక్కువ సబ్బు వాసన. ఏం కడుక్కున్నట్టు?

ఫిబ్రవరి 26, శివరాత్రి

యార్డు సెలవు. పగలంతా వాళ్లిద్దరి ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సాయంత్రానికి కళ్లు కాస్త తేటపడ్డాయి. నేనున్నాను కాబట్టి ఆవిడ ఆటలు సాగలేదు.

ఫిబ్రవరి 28

మళ్లీ ఎరుపు. రాత్రి సుబ్బరావమ్మ కళ్లు తుడుస్తూ, జానీబీ నిన్ను ఏమైనా చేస్తోందా అని అడిగాను. బొటబొటా నీళ్లు కారాయి. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ నా దగ్గర ఏడ్చిన మనిషి కాదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మార్చి 1

జానీబీని పంపించేశాను. ఎందుకని అడగలేదు. సుబ్బరావమ్మ తల నిమిరి వెళ్లింది. నా ముందు నటన.

మార్చి 3, సోమవారం

శనాదివారాలు యార్డు లేదు, నేనే చూసుకున్నాను. కళ్లు తెల్లగా అయ్యాయి. నా అనుమానం రుజువైంది. శ్రీదివ్యకి కూడా చెప్పాను.

ఇవాళ ప్రేమమ్మ వచ్చింది. మా కొట్టు హమాలీకి అక్క వరస, చర్చిలో అందరూ మంచిదంటారట. కూర్చోగానే తనే నన్ను ప్రశ్నలడిగింది. ముందున్నామె ఎందుకు పోయింది? సొంతూరు వెళ్లింది అన్నాను. ఏ ఊరు? పిడుగురాళ్ల అన్నాను, నోటికొచ్చింది. నా మొహంలోకి అట్లానే చూసింది. ఇంత ఆరా తీసే మనిషితో జాగ్రత్తగా ఉండాలి.

మార్చి 6

మళ్లీ ఎరుపు. చుక్కలు వేస్తే మంచం అదిరేలా మూలుగుతోంది.

ప్రేమమ్మ కూడానా? వీళ్లిద్దరికీ ముందే పరిచయం ఉందేమో. లోకంలో మాటరాని మనిషిని హింసించని ఆడది లేదా అనుకుంటూ కూర్చున్నాను. ఓనరు విని, కెమెరా పెట్టించు, రెండు రోజుల్లో తేలిపోతుంది అన్నాడు.

మార్చి 8

పెట్టించాను. గోడ గడియారం పక్కన, మంచానికి ఎదురుగా. యాప్ ఫోన్లో వేయించుకున్నాను. ప్రేమమ్మకి చెప్పలేదు.

మార్చి 11, మధ్యాహ్నం, కొట్లో

నిన్నటి రికార్డింగు చూశాను. పాట అవుతుంటే కూడా లేవలేదు.

పొద్దున ప్రేమమ్మ ఒళ్లు తుడిచింది. జావ తాగించింది. జడ వేస్తూ ఏదో చెప్పింది, సుబ్బరావమ్మ ఒకవైపు నోటితో నవ్వింది. నా దగ్గర ఇన్ని నెలల్లో ఒక్కసారీ నవ్వలేదు. ఒళ్లు మండింది. చూద్దాం, ఎక్కడో దొరుకుతుంది అనుకుంటూ ముందుకు జరుపుతూ పోయాను. సాయంత్రం అయింది. ప్రేమమ్మ సంచి తీసుకుని వెళ్లిపోయింది. కళ్లు బాగానే ఉన్నాయి.

అప్పుడు ఎవడో ముసలాడు వచ్చి కూర్చున్నాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. భుజాన కండువా ఉంది. పొద్దుటి నుంచీ బస్తాల మీద దుమ్ము దులిపిన కండువా. దాంతోనే ఆమె కన్ను ఒత్తాడు. ఆమె తల అటు తిప్పేసుకుంది. వాడు గడ్డం పట్టుకుని ఇటు తిప్పి, మళ్లీ తుడిచాడు. ఆమె ఎడమచెయ్యి దుప్పటిని గుప్పిట పట్టింది. వాడు ఏదో కబురు చెబుతూ నవ్వుతున్నాడు.

ఇవాళ పొద్దున వేసుకొచ్చిన కండువా మీద చూపు పడింది. కొస తీసుకుని నా కంటికి రాసుకున్నాను. హమాలీ పరిగెత్తుకొచ్చి నీళ్లు కొట్టాడు.

ఆమె రోజూ నాకే చెప్పింది. నేనే వేరేవాళ్ల పేర్లు పెట్టుకున్నాను. సిగ్గుగా ఉంది. సిగ్గు కన్నా భయంగా ఉంది.

మార్చి 12

ఓనరుకి చెప్పి పొద్దున్నే జానీబీ ఇంటికి వెళ్లాను. ఆ పని చేసింది నేనేనమ్మా అన్నాను. కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. మళ్లీ రమ్మంటే మాత్రం తల ఊపలేదు. ఇంకో ఇంట్లో ఒప్పుకున్నానండీ అంది. మీరు నా చేతులు వాసన చూసిన సంగతి మా ఇంట్లో ఇంతవరకూ చెప్పుకోలేదండీ అని కూడా అంది. టీ సగంలో వదిలేసి వచ్చాను.

ప్రేమమ్మకి కెమెరా సంగతి, పిడుగురాళ్ల అబద్ధం సంగతి చెప్పాను. స్టూలెక్కి కెమెరాని గోడవైపు తిప్పేసింది. అమ్మగారు ఉండమంటే ఉంటాను, మీ మాట మీద కాదండీ అంది. వెళ్లి ఆమెనే అడిగింది. సుబ్బరావమ్మ ఎడమచెయ్యి చాపి ప్రేమమ్మ కొంగు పట్టుకుంది.

మార్చి 13

యార్డు నుంచి వచ్చి చొక్కా, పంచె, కండువా అన్నీ బయటే బకెట్లో పడేశాను. తలమీంచి స్నానం చేశాను. ప్రేమమ్మ ఇంకా ఉంది. ఉతికిన తుండు తీసుకుని మంచం పక్కన కూర్చున్నాను.

చెయ్యి ఇంకా ఎత్తనేలేదు. సుబ్బరావమ్మ ఎడమకన్ను గట్టిగా మూసుకుంది. కుడికన్ను సగమే మూతపడింది. ఆ సగంలోంచి నన్ను చూస్తూ ఉంది.

తుండు ప్రేమమ్మ చేతికిచ్చి లేచాను.