నాకు పడిన ఒక్క ఓటు

అరోరా, ఇల్లినాయ్
12 అక్టోబరు 1983

ప్రియమైన అక్కకు, బావగారికి మీ కరుణ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం. మీరూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను.

నా మోకాళ్ల సంగతి అడిగావు. చలి మొదలయ్యాక అవి తమ సంగతి తామే చెప్పుకుంటున్నాయి. ఇంకా చీరే కడుతున్నానా అని బావగారి సందేహం. బూడిదరంగు చీర, పైన స్వెట్టరు, కాళ్లకు బూట్లు. చూస్తే మీరు నవ్వు ఆపుకోలేరు.

"మదర్‌గా ఇంకెన్నాళ్లు? నా దగ్గరికి వచ్చేయరాదా?" అన్నావు. పదిహేనేళ్ల కిందట, దిక్కులేని ముసలమ్మల కోసం నేనూ, తోటి సిస్టర్ ఎలిజబెత్తూ కలిసి ఒక అద్దె ఇంట్లో ఈ ఆంగ్లికన్ సిస్టర్ల మఠం మొదలుపెట్టాం. నియమాలు రాసింది నేనే. ఐదేళ్లకోసారి రహస్య ఓటుతో మఠానికి పెద్దను, అంటే మదర్‌ని, ఎన్నుకోవాలన్నదీ నా నియమమే. ఇప్పటిదాకా నన్నే ఎన్నుకున్నారు.

అక్కా, అసలు సంగతి ఇంతసేపూ దాచాను. నేనిప్పుడు మదర్‌ని కాను. మొన్న ఆదివారం ఏడుగురం ఓట్లు వేశాం. ఎలిజబెత్ పైకి చదివింది. గుంటూరు నుంచి నర్సుగా వచ్చి మాలో చేరిన శాంతికి ఆరు, నాకు ఒకటి. ఆ ఒక్కటీ నేను వేసుకున్నదే. తన పేరు తానే రాసుకోవడం మాలో ఎవరూ చేయని పని. సిగ్గుతో చచ్చిపోయాను. నేను కట్టుకున్న ఇంటికే నేను అక్కర్లేకపోయానని ఏడ్చి, నీ దగ్గరికి వచ్చేద్దామని పెట్టె సర్దేశాను.

సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే శాంతి వచ్చింది.

"వర్రీ అవకండి మదర్. ఆ ఓటు నేనే వేశానని అందరికీ ఎక్స్‌ప్లెయిన్ చేసేశాను."

"అది నీది కాదుగా."

"నాకు తెలుసండీ."

నా పరువు కోసం అబద్ధమాడిందని మనసు కరిగిపోయింది. కాసేపటికి గాని తట్టలేదు. ఏడు ఓట్లలో ఒకటి నాది, నాకే వేసుకున్నాను. మిగిలిన ఆరూ శాంతికే పడ్డాయంటే, వాటిలో శాంతి వేసిందీ ఉంది.

"నువ్వూ నీ పేరే రాసుకున్నావుటే?" అన్నాను.

దాని మొహం కందిపోయింది. "ఈ పనంటే నాకు ప్రాణం మదర్. మీ అంతట మీరు దిగరుగా మరి!"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఈ ఇల్లు కావాలని నా అంత ఆశపడే మనిషి ఇంకొకరు ఉన్నారని నాకిన్నాళ్లూ తెలియదు. ఎంత నిబ్బరంగా అనిపించిందో చెప్పలేను. పెట్టె విప్పేశాను.

నీ దగ్గరికి వచ్చేయడం లేదని కోపగించుకోకు. వేసవిలో మిమ్మల్ని చూడాలని ఉంది. సెలవు మాత్రం శాంతినే అడగాలి. అడగడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

ఇట్లు,
నీ చెల్లెలు
కరుణ