ఆకు పాఠానికి అత్తమ్మ అర్థం

కడప, హాస్టల్ నుంచి

ఇలియాస్ గారికి శిరీన్ సలాములు.

నిశ్చితార్థం నుంచి నికా దాకా మనం ఫోనులో మాట్లాడకూడదని మా నాన్న షరతు పెట్టారు కదా. "ఫోన్లో ఏం మాట్లాడుకుంటాండారో ఎవరికి తెలుస్తాది? ఉత్తరమైతే పెద్దోళ్లు చదవచ్చు" అన్నారు. మీ అమ్మగారు ముందు చదివించుకుంటారని తెలుసు కాబట్టి పరీక్ష పాఠమే రాస్తున్నాను.

మీ నర్సరీలో మామిడి అంటు ఆకు ఒకటి తీసుకోండి. అందులో పత్రహరితం అణువులు గుంపులుగా ఉంటాయి. ప్రోటీను వాటిని తన మడతల్లో పట్టి కూర్చోబెడుతుంది. ఒకదాని మీద పడిన వెలుగును అది దాచుకోదు. ఉన్నచోటు కదలకుండానే పక్కదానికి అందిస్తుంది, అది ఆ పక్కదానికి. చివరికి ఆ వెలుగు ఒక జంట అణువులకు చేరుతుంది. ఆకు తన తిండి తయారుచేసుకోవడం అక్కడ మొదలవుతుంది.

ఇట్లు,
శిరీన్

తా.క.: జంట గురించి ఇంకా బాగా రాయగలను. పెద్దలు చదువుతారని ఆపాను.


బనగానపల్లె

శిరీన్‌కు ఇలియాస్ సలాం.

నీ ఉత్తరం అమ్మకు వినిపించాను. పెళ్లి కుదిరిన పిల్ల తన కష్టం నేరుగా చెప్పదు, చెట్టు మీదో చేమ మీదో పెట్టి చెబుతుందని మా ఇళ్లలో నమ్మకం. "వచ్చింది దాచుకోకుండా పక్కదానికి ఇస్తాందంట. పక్క మంచం పిల్లకు తన తిండంతా పెట్టేస్తాండాది. శానా చిక్కిపోయింటుంది" అని అమ్మకు ఒకటే దిగులు. ఖర్జూరాలు, నువ్వులుండలు పంపమంది. పార్సిల్ చూసుకో.

ఇట్లు,
ఇలియాస్

తా.క.: అందులో నీలం దుప్పటి కూడా ఉంది. అదీ అమ్మ ఆలోచనే. నీకు నీలం ఇష్టమని ఆమెకెలా తెలిసిందో నాకు తెలియదు.


కడప

ఇలియాస్ గారికి సలాములు.

మీ అమ్మగారి మాట నిజం చేయడానికన్నట్టు, పక్క మంచం యామిని సగం ఖర్జూరాలు తినేసింది. కానీ అది ఆకు పాఠమేనని అత్తమ్మకు చెప్పండి. తర్వాతి భాగం ఇది. ఆ అణువులు మరీ దూరమైతే వెలుగు అందదు. మరీ దగ్గరైతే అది వేడిగా మారి వృథా అవుతుంది. అందుకే ప్రోటీను వాటిని తగినంత ఎడంలో ఉంచుతుంది. దయచేసి దీనికి అర్థం తీయవద్దు.

ఇట్లు,
శిరీన్

తా.క.: ఈ కడప ఎండలో ఆ దుప్పటి కప్పుకుని కూర్చుంటే యామిని నాకు జ్వరమనుకుంది.


బనగానపల్లె

శిరీన్‌కు సలాం.

అమ్మ అర్థం తీసింది. "మరీ దగ్గరైతే వేడి పుడతాదంట. అంటే ఒకే ఇంట్లో మనతో ఉండనంటాండాది. అసలు ఆ పిల్లకు ఈ పెళ్లి ఇష్టమేనా? లేకుంటే ఇప్పుడే ఆపేద్దాం" అంటోంది. తొందరగా జవాబు రాయి.

ఇలియాస్

తా.క.: అమ్మ బెంగతో అన్నం మానేసింది. ఆమెకు తోడుగా నేనూ మానేశాను.


కడప

అత్తమ్మకు శిరీన్ సలాములు.

ఈసారి మీ పేరుకే రాస్తున్నాను. ఆకు ఆకే అత్తమ్మా. నాకు వేరు కాపురం వద్దు, మీ దగ్గరే ఉంటాను. సిగ్గుపడుతూ కూర్చుంటే పెళ్లే ఆగేలా ఉంది కాబట్టి నేరుగా చెబుతున్నాను. ఆయన మీద బెంగగా ఉంది. నిశ్చితార్థం రోజు నాకు షర్బత్ అందించిన ఆ చేతులు, గోళ్ల కింద మట్టితో సహా, పుస్తకం తెరిస్తే గుర్తొస్తున్నాయి. సందులో ఎవరు బండి ఆపినా కిటికీ దగ్గరకు పరుగెత్తుతున్నాను. ఆయన్ను చూడాలని ఉంది. మీరు అన్నం తినండి.

మీ కోడలు,
శిరీన్

తా.క.: ఈ ఉత్తరం ఆయనకు చూపించకండి.


బనగానపల్లె

బేటీ శిరీన్‌కు దస్తగిరమ్మ దువా.

నేను చెప్తాంటే ఎదురింటి రుఖియా రాస్తాండాది. నా పేరున వచ్చిందని పోస్టుమాను ఇంటికే తెచ్చి నా చేతికిచ్చిన నీ ఉత్తరం విని నాకు మతి పోయింది. ఏ ఆకు తల్లీ? వేరు కాపురం ఎవరన్నారు? ఇంతవరకు నీ జాబు ఒక్కటి కూడా నేను వినలేదు. మావాడే పోస్టాఫీసుకు పోయి తెచ్చుకుంటాడు, నర్సరీలో చెట్ల మాటున కూచొని చదువుకుంటాడు. అడిగితే "పాఠం, నీకర్థం కాదు" అంటాడు. ఖర్జూరాలు వాడు కొన్నవే. నువ్వు చిక్కిపోతివనే దిగులు వాడిది, ఈ పెళ్లి నీకు ఇష్టమో కాదో అనే భయమూ వాడిదే. అడిగేకి నోరు రాక నన్ను అడ్డం పెట్టుకున్నాడు. నేను మూడు పూటలా తింటాండాను. పరీక్షలు కాంగానే నికా పెట్టమని మీ నాయనకు చెప్పి పంపిస్తాండా. బాగా చదువుకో.

దస్తగిరమ్మ

తా.క.: నాకు చూపు ఆనక నీ ఉత్తరం మొదట వాణ్నే చదవమంటి. "చూడాలని ఉంది" అనే కాడ ఆగిపాయె. సిరా చెదిరిపోయిందని లేచి బయటికి పాయె. రుఖియా చేతికిస్తే మళ్లీ మొదట్నించి గడగడా చదివేసింది. ఇప్పుడు ఆ కాగితం తనకిమ్మని నా చుట్టూ తిరుగుతాండాడు. నువ్వు చూపించొద్దంటివే, ఇయ్యమంటావా?