నేను లోపలికి వెళ్ళేదాకా

అక్టోబరు 12, ఆదివారం

సముద్రంలో అల్పపీడనం ఏర్పడింది. మా డెస్క్ ఇన్‌చార్జ్ ముఖం వెలిగిపోయింది. ఎన్నికలు అయిపోయాక ఆయన ముఖంలో మళ్ళీ కళ చూడడం ఇదే.

అక్టోబరు 13, సోమవారం

అల్పపీడనం వాయుగుండం అయింది. రేపటికి తీవ్ర వాయుగుండం, ఎల్లుండికి తుపాను అవుతుందట. మా ఛానెల్లో ఇంత గబగబా ప్రమోషన్లు ఎవరికీ రాలేదు. నేను చేరినప్పుడూ రిపోర్టర్నే, ఇప్పుడూ రిపోర్టర్నే.

దీనికి ఏదో పువ్వు పేరు పెట్టారు. ఇళ్ళు కూల్చేవాటికి ఇంత ముద్దు పేర్లు ఎవరు పెడతారో తెలియదు. మ్యాపు మీద అది వెళ్ళే దారి గీశారు. ఆ గీత చివర ఉన్నది మా ఊరే.

ఇన్‌చార్జ్ పిలిచి, సొంత ఊరు కాబట్టి లొకేషన్లు నాకే బాగా తెలుస్తాయని, నన్నే వెళ్ళమన్నాడు. సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. తుపాను వస్తోందని చెప్పాను, నేనూ వస్తున్నానని చెప్పాను. రెండో మాటే వినపడినట్టుంది. ఎన్నాళ్ళుంటావని అడిగింది. అది తీరం దాటేవరకు అన్నాను. అయితే కాస్త మెల్లగా దాటితే బాగుండు అంది.

అక్టోబరు 14, మంగళవారం

వచ్చాం. నేనూ, కెమెరా అన్నా. ఎండ మండిపోతోంది. సముద్రం మంచి పిల్లలా పడుకుని ఉంది.

మా ఇల్లు రెండు గదులు, పైన రేకులు. బీచ్ రోడ్డు వెనక వీధి. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. రేకులు గాలికి లేవకుండా వాటి మీద రాళ్ళు పెట్టించింది. మేకులు తుప్పు పట్టాయి. ఒకదాన్ని వేలితో కదిపితే ఊడి చేతికొచ్చింది. అమ్మ చూడకుండా మళ్ళీ గుచ్చేశాను.

మైకు పెట్టిన ఆటో వీధంతా తిరిగింది. రేపు మధ్యాహ్నంలోగా అందరూ హైస్కూలు బిల్డింగులోకి వెళ్ళాలట. జనం తలుపుల్లో నిలబడి విని, మళ్ళీ లోపలికి పోయారు.

సాయంత్రం మొదటి లైవ్. గాలి ఎలా ఉందని యాంకర్ అడిగింది. ఆకు కదలడం లేదు. తుపాను ముందు ప్రశాంతత అని చెప్పాను. ఇది ఎప్పుడైనా పనికొచ్చే మాట, ఎండాకాలంలో కూడా.

తర్వాత డెస్క్ వాళ్ళు తెర మీద నీళ్ళు కనపడాలన్నారు. బస్టాండు దగ్గర గుంట ఒకటుంది. మునిసిపాలిటీ పైపు పగిలి, నేను స్కూలుకి వెళ్ళేటప్పటి నుంచీ నిండే ఉంటుంది. మేము వెళ్ళేసరికి అక్కడ క్యూ ఉంది. ఒక ఛానెల్ అబ్బాయి దిగి మోకాళ్ళ మీద కూర్చుని మాట్లాడుతున్నాడు, నీళ్ళు నడుము దాకా కనపడాలని. వెనక నుంచి సైకిల్ మీద పాలాయన వెళ్తుంటే కెమెరామెన్లందరూ ఒక్కసారిగా ఆగమని చేతులెత్తారు. పాలాయన చక్రాలు సగం కూడా మునగలేదు మరి.

మా పోటీ ఛానెల్ రిపోర్టర్, గొడుగాయన, కూడా దిగాడు. ప్రతి తుపానుకీ గొడుగు పట్టుకుని నిలబడతాడు. అది తిరగబడే క్షణం కోసం జనం చూస్తారు. తుపానుకి గొడుగేమిటని ఆయన్ని ఎవరూ అడగరు. వ్యాన్‌లో స్పేర్ గొడుగులు ఉంటాయట.

అక్టోబరు 15, బుధవారం. పొద్దున

రాత్రి నుంచి వాన. గాలి మొదలైంది. ఈసారి నిజంగానే.

అమ్మని స్కూలుకి వెళ్ళమన్నాను. వెళ్ళనంది. బతిమాలాను, విసుక్కున్నాను, మేకు సంగతి కూడా చెప్పేశాను. మంచం మీద నుంచి లేవలేదు. ఎదురుగా టీవీ, టీవీలో నా నిన్నటి లైవే మళ్ళీ వస్తోంది.

"ఎవరూ బయటికి రావద్దని చెబుతున్నావు, చెబుతూ నువ్వే బయట నిలబడ్డావు. నువ్వు నిలబడ్డ గాలికి ఇల్లు నిలబడదా?"

నేను జర్నలిజంలో పీజీ చేశాను. ఈ ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు.

పదకొండు గంటలు

వీధిలో ఎవరూ కదలలేదు. ఎందుకో టైలర్ బాబాయి చెప్పాడు. మైకు ఆటో ప్రతిసారీ వస్తుంది, సైరను ప్రతిసారీ మోగుతుంది, అవి వింటూ కూర్చుంటే ఏడాదికి సగం రోజులు స్కూల్లోనే ఉండాలట. అందుకని వీళ్ళు వేరే లెక్క పెట్టుకున్నారు. టీవీలో నేను బయట కనపడుతున్నంత సేపూ టైమున్నట్టే. నేను ఎప్పుడు లోపలికి వెళ్తే అప్పుడు బయల్దేరతారట. మన వీధి పిల్ల, జీతం కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటుందా అని బాబాయి నవ్వాడు. మూటలు మాత్రం కట్టి గుమ్మాల్లో పెట్టుకున్నారు.

అంటే మైకు ఆటో చేయాల్సిన పని నేను చేస్తున్నాను, తిరగేసి.

వీళ్ళకి నా ఉద్యోగం సంగతి తెలియదు.

ఇన్‌చార్జ్‌కి ఫోన్ చేసి, లోపలికి వెళ్ళిపోతానని చెప్పాను. వీధి సంగతీ, అమ్మ సంగతీ చెప్పాను. ఆయన పాపం ఓపిగ్గానే విన్నాడు. విని, గొడుగాయన ఇంకా బయటే ఉన్నాడు కదా అన్నాడు. ముందు ఎవరు లోపలికి వెళ్తే వాళ్ళ ఛానెల్ ఓడినట్టట. తీరం దాటాక ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోమన్నాడు. దాటాక కూర్చోవడానికి మా ఇల్లుండాలిగా అన్నాను. లైన్ కట్ అయింది. గాలి కట్ చేసిందో ఆయనే చేశాడో తెలియదు.

మధ్యాహ్నం, బస్ షెల్టర్ వెనక నుంచి

కాగితం తడిసిపోతోంది. అక్షరాలు నాకే అర్థం కావడం లేదు.

కెమెరా అన్న తాడుతో తనని షెల్టర్ స్తంభానికి కట్టుకున్నాడు. నగల కొట్టు హోర్డింగు ఊడి మా తలల మీద నుంచి వెళ్ళింది. దాని మీద అమ్మాయి అలా నవ్వుతూనే పోయింది. మీకు ఎలా అనిపిస్తోంది అని యాంకర్ అడిగింది. స్టూడియోలో ఏసీ ఎక్కువైందేమో, శాలువా కప్పుకుంది.

కరెంటు పోతే టీవీ ఆగుతుంది, అప్పుడైనా వెళ్తారని ఆశ పెట్టుకున్నాను. మామూలు రోజుల్లో దోమ తుమ్మినా పోయే కరెంటు ఈరోజు పోలేదు.

అమ్మకి చేశాను. రేకులు కొట్టుకుంటున్న చప్పుడు ఫోన్లోనే వినపడింది. భయంగా ఉందా అని అడిగాను. నువ్వు కనపడుతున్నావుగా అంది. నువ్వు లోపలికి వెళ్ళు, నేనూ వెళ్తాను అంది.

లైవ్‌కి పిలుస్తున్నారు.

అక్టోబరు 16, గురువారం. హైస్కూలు, ఏడో తరగతి గది

నిన్న జరిగింది ఇప్పుడు రాస్తున్నాను.

యాంకర్ తాజా పరిస్థితి చెప్పమంది. చెప్పడానికి నోరు తెరిచాను. తాజా పరిస్థితి ఏమిటంటే, మా అమ్మ ఊడిపోయే రేకుల కింద కూర్చుని నన్నే చూస్తోంది.

"ఇక్కడ నిలబడడం నావల్ల కాదు. నాకు భయమేస్తోంది. అమ్మా, నేను స్కూలుకి వెళ్ళిపోతున్నాను. నువ్వూ వచ్చెయ్."

మైకు అక్కడే పెట్టి ఫ్రేములోంచి బయటికి నడిచాను. చెవిలో ఇన్‌చార్జ్ ఏదో అరుస్తున్నాడు. ఇయర్‌పీస్ లాగేశాను. తీరా చూస్తే అంత గాలిలోనూ ఎంత హాయిగా ఉందో.

కెమెరా అన్న కెమెరా కదపలేదట. తాడు విప్పుకుంటూ అలాగే వదిలేశాడట. టీవీలో ఖాళీ రోడ్డు, రోడ్డు మీద దొర్లుతున్న మైకు.

వీధి మలుపు తిరిగేసరికి తలుపులన్నీ తెరుచుకున్నాయి. మూటలతో, పిల్లలతో అందరూ బయటికొచ్చారు. టైలర్ బాబాయి కుట్టు మిషను తల భుజాన వేసుకున్నాడు. అందరికంటే ఆఖర్న అమ్మ. తలుపుకి తాళం వేసింది. లాగి చూసింది. మళ్ళీ లాగి చూసింది. పైకప్పు ఎగిరిపోయే ఇంటికి తాళమేమిటమ్మా అని గొంతు చించుకున్నాను, వినపడలేదు. పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. దారి పొడుగునా నేను తడిసిపోయానని తిట్టింది.

ఈ పొద్దున వెళ్ళి చూశాం. తాళం అలాగే ఉంది. కప్పు లేదు. ఒక రేకు మంచం మీదికి దిగి, పరుపు చీల్చుకుని, మంచం పట్టెలో ఇరుక్కుంది. అమ్మ కూర్చునే వైపు.

అమ్మ నా మణికట్టు పట్టుకుని నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

అక్టోబరు 17, శుక్రవారం

వీధిలో అందరూ క్షేమం. ఇళ్ళు అన్నీ కాదు.

ఇన్‌చార్జ్ ఫోన్ చేశాడు. క్రమశిక్షణ గురించి క్లాసు పీకాడు. చర్య తప్పదన్నాడు. నీళ్ళు తాగి వచ్చి గొంతు మార్చాడు. ఆ ఖాళీ రోడ్డు ముక్కే అన్నిటికంటే ఎక్కువమంది చూశారట. ప్రోమో కూడా కట్ చేస్తున్నారట. వచ్చే తుపానుకి కూడా అలాగే వెళ్ళిపోవాలన్నాడు, కాకపోతే కాస్త మెల్లగా, బ్రేక్ తర్వాత.

గొడుగాయన కూడా చేశాడు. థాంక్స్ చెప్పాడు. నేనెప్పుడు లోపలికి వెళ్తానా అని పొద్దుటి నుంచీ నన్నే చూస్తున్నాడట. నేను వెళ్ళగానే ఆయనా వ్యాన్ ఎక్కేశాడట.

నవంబరు 9, ఆదివారం

మళ్ళీ అల్పపీడనం. ఈసారి గీత ఇంకో ఊరి మీదికి ఉంది. నన్నే వెళ్ళమన్నారు.

రేకులు వేయించేదాకా అమ్మ నా దగ్గరే ఉంటోంది. బ్యాగు సర్దుకుంటుంటే చూస్తూ కూర్చుంది. కాసేపటికి తన బ్యాగూ సర్దుకుంది. నువ్వెక్కడికని అడిగాను. నువ్వెక్కడికో నేనూ అక్కడికే అంది. ఛానెల్ ఒప్పుకోదన్నాను. ఛానెల్‌ని నేను అడిగానా అంది.

నవంబరు 11, మంగళవారం

తుపాను రేపు తీరం దాటుతుంది. అమ్మ వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుని వచ్చింది. కెమెరా అన్న వెనక్కి మారాడు.

నేను బయట ఉన్నంతసేపూ తనూ బయటే ఉంటానంది. అన్నట్టే ఉంది. ఫ్రేముకి పక్కన, వానలో, కొంగు నెత్తిన కప్పుకుని.

రెండు ముక్కలు చెప్పి లైవ్ ముగించాను. డెస్క్ కారణం అడిగింది. అమ్మ తడుస్తోందన్నాను.