ఏడో నంబరు గుర్రం ధర

బాబాయికి నమస్కారం.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి నాన్న నోట మాట లేదని నీకు తెలుసు. మీరిద్దరూ కలిసి తిరిగిన చోటు కదా అని, ఆదివారం ఆయన్ను చక్రాల కుర్చీలో రేసుకోర్సుకు తీసుకెళ్లాను.

పందేలవాళ్ల బోర్డు మీద నాలుగో నంబరు గుర్రం గెలిస్తే ఒకటికి ఎనిమిది ఇస్తామని మొదట ధర పెట్టారు. చూస్తుండగానే అది రెండుకు పడిపోయింది. జనం విరగబడ్డారు. ఏదో లోపలి కబురు ఉండే ఉంటుందని నేనూ లేచాను. ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. నాన్నే!

"పరిగెత్తకు. ధర పడింది గానీ గుర్రానికి కొత్త కాళ్లు రాలేదు కదే! అందరూ వదిలేసిన ఆ ఏడో నంబరు చూడు. ఒకటికి పన్నెండు ఇస్తున్నారు. దాని సత్తాకి అది చాలా ఎక్కువ. కడితే దాని మీదే కట్టాలి."

మాట ముద్దగా ఉంది, లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన చెప్పినట్టే కట్టాను. నాలుగో నంబరే గెలిచింది, ఏడోది వెంట్రుకవాసిలో ఓడిపోయింది. నా ముఖం చూసి నాన్న నవ్వారు.

"పిచ్చిదానా, గెలుపు వేరు, గిట్టుబాటు వేరు. ఆ ధర మళ్లీ దొరికితే మళ్లీ కట్టు."

తర్వాత చుట్టూ చూసి, "చిన్నోడు ఇంకా రాలేదేం?" అని అడిగారు. వస్తున్నాడని చెప్పేశాను. నన్ను అబద్ధాలకోరును చెయ్యకు బాబాయ్.

నీ అన్న కూతురు